మందుల తారుమారు: వెన్నుమత్తు ప్రమాదములపై ఒక సమీక్ష

నడుముకు ఇచ్చు మత్తు ఇంజక్షనని మన జనులు వాడుకగా చెప్పుకొను వెన్నుమత్తు, ఆధునిక శస్త్రవైద్యమునకు లభించిన గొప్ప వరములలో ఒకటి. రోగి తెలివితోనే యుండును. ఊపిరి తానే పీల్చుకొనును. బొడ్డునకు దిగువనున్న దేహము మాత్రము రెండు గంటల కాలము నొప్పి యెరుగక విశ్రమించును. ఇందులకు కావలసిన మందు సాధారణముగా రెండు మూడు మిల్లీలీటర్లే. అయితే ఆ స్వల్పమైన మందు, రక్తములో కలిసి దేహమంతయు పలుచబడి కాలేయముచేతను మూత్రపిండములచేతను క్రమముగా వెలికి పంపబడు తక్కిన మందులవలె గాక, వెన్నుపామును మెదడును నిరంతరము తడుపుచుండు మస్తిష్కమేరు ద్రవమున నేరుగా కలియుచున్నది. సరియైన మందు సరియైన మోతాదులో పడినపుడు ఏ సాన్నిహిత్యము మేలు చేయుచున్నదో, పరాయి మందు పడినపుడు ఆ సాన్నిహిత్యమే ప్రాణాంతకమగుచున్నది.

ఈ విషయము తెలుగువారికి దూరపు ముచ్చట గాదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో కాన్పులలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 సిజేరియన్ ద్వారా జరుగుచున్నవి. దేశము మొత్తము మీద ఆ సంఖ్య 21.5 మాత్రమే. సిజేరియన్లలో అధిక సంఖ్యాకములు వెన్నుమత్తుతోనే జరుగుచున్నవి గనుక, ఈ సూది మన ఇండ్లలో కనీసము ఒక్క స్త్రీయైనను ఎరిగిన సూది. దాని చుట్టు శతాబ్దమునకు పైగా సాగుచున్న వాదోపవాదములు ఇప్పుడు చిక్కుపడియున్నవి. చిక్కునకు ముఖ్యకారణము, స్వభావమున భిన్నములైన రెండు ప్రమాదములను ఒకే పేరుతో పిలుచుటయే యని నా నమ్మకము.

రెండు పొరపాట్లు, ఒక పేరు

మొదటిది మార్గము తప్పుట. మందు సరియైనదే, పోవలసిన చోటు వేరు. ప్రసవపు నొప్పులు తగ్గించుటకై వెన్నెముక పొర వెలుపలికి పంపవలసిన బుపివకైన్ అను మత్తుమందు సంచిని చేతి సిరకు తగిలించిన సంఘటనలు ఇంగ్లండులోని స్విండన్‌లో 2004లోను, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 2006లోను జరిగి, తల్లుల ప్రాణములను తీసినవి. సిరకు మాత్రమే ఇయ్యవలసిన విన్‌క్రిస్టీన్ అను క్యాన్సరు మందు వెన్నులోనికి పోయి రోగులు దాదాపు తప్పక మరణించిన ఉదంతములును ఈ జాతివే.

రెండవది మందు తప్పుట. సూది చేరవలసిన చోటికే చేరినది. చేతికి వచ్చిన ఆంపూలు, అనగా మందుండు చిన్న గాజుబుడ్డి, వేరు. వైద్యుని నైపుణ్యమునకు ఇందు లోటు లేదు. సూది ఎంత నేర్పుగా గుచ్చబడిన, పరాయి మందు అంత నిశ్చయముగా నరముల మధ్యకు చేరును. 2010లో సిడ్నీ నగరమున ఒక ప్రసూతి గదిలో, చర్మశుద్ధికై గిన్నెలో పోసియుంచిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణము ప్రక్క గిన్నెలోని సెలైన్ అనుకొనబడి ఒక తల్లి వెన్నులోనికి పంపబడినది. ఆమె నడక పోయినది.

మార్గము తప్పిన ప్రమాదమునకు పనికివచ్చు విరుగుడు, మందు తప్పిన ప్రమాదమునకు పనికిరాదు. ఈ భేదమును మరచి చేయు చర్చ యంతయు, రోగము తెలియక పథ్యము చెప్పుటవంటిది.

చెస్టర్‌ఫీల్డ్ వ్యాజ్యము

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరమున ఆగస్ట్ బీర్ కొకైనును వెన్నులోనికి ఎక్కించి శస్త్రచికిత్స చేసినది మొదలు, ఈ పద్ధతి వేగముగా వ్యాపించినది. దానిని కుదిపివేసిన సంఘటన 1947 అక్టోబరు 13న ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో జరిగినది. స్వల్పమైన శస్త్రచికిత్సలకై వచ్చిన ఇరువురు పురుషులకు ఒకే దినమున, ఒకే వైద్యుడు నూపర్‌కైన్ అను మందుతో వెన్నుమత్తునిచ్చెను. ఇరువురికిని నడుము దిగువ శాశ్వతముగా పడిపోయినది.

రో మరియు వూలీ వ్యాజ్యమను పేర ప్రసిద్ధమైన ఈ తగవు 1953లో న్యాయస్థానమునకు వచ్చినది. ఆ కాలమున గాజు ఆంపూళ్లను సూక్ష్మక్రిమిరహితము చేయుటకై ఫినాల్ ద్రావణమున ముంచియుంచు అలవాటుండెను. ప్రతివాదుల పక్షమున ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ మెకింటాష్ సాక్ష్యమున ముందునకు వచ్చిన వివరణ యిది: గాజుపై కంటికి కానరాని సన్నని పగుళ్లగుండ ఫినాల్ లోనికి ఇంకి, మందుతో కలిసి, నరములను కాల్చివేసినది. అట్టి అగోచరపు పగుళ్ల ప్రమాదము 1947లో వైద్యలోకమునకు తెలిసియుండలేదు గనుక వైద్యునిది నిర్లక్ష్యము గాదని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. 1954లో అప్పీలు న్యాయస్థానమును దానినే స్థిరపరచెను. నాటి జ్ఞానముతో నాటి కార్యమును కొలువవలె గాని నేటి జ్ఞానముతో గాదని లార్డ్ డెన్నింగ్ ఆ సందర్భమున చెప్పిన మాట న్యాయశాస్త్ర విద్యార్థులకు నేటికిని కంఠోపాఠమే. 1951లో మెకింటాష్ తన గ్రంథమున ఈ ప్రమాదమును ప్రస్తావించిన పిమ్మట, ఫినాలునకు ముదురు రంగు కలుపుట ఆరంభమైనది. పగులున్నచో రంగు లోపలికి దిగి కంటబడును. కోర్టులో ఎన్ని దినములు వాదించినను దొరకనంత రక్షణ ఆ చిటికెడు రంగులో దొరకినది.

అయినను కథ అచ్చట ముగియలేదు. 1990లో హట్టర్ అను వైద్యుడు పాత సాక్ష్యములను పునఃపరిశీలించి, సూదులను సిరంజీలను మరగబెట్టు పాత్రలోని సున్నపు పొరను పోగొట్టుటకు వాడిన ఆమ్లము, పాత్రను సరిగా కడుగకపోవుటవలన మిగిలిపోయి, పరికరములతో వెన్నులోనికి చేరియుండునని వాదించెను. ఫినాల్ పగుళ్ల సిద్ధాంతమే నమ్మిన తరమునకు ఇది ఒక దిగ్భ్రాంతి. కారణము పగులైనచో అది దైవికము; కడుగని పాత్రయైనచో అది ఒక మనిషి, ఒక పనివేళ, ఒక మరపు.

ఆ మధ్యకాలమున వెన్నుమత్తు నిందితస్థానమున నిలువవలసి వచ్చినది. నాడీవైద్యుడు ఫాస్టర్ కెనడీ 1950లో దానిని తీవ్రముగా గర్హించెను. ఫిలడెల్ఫియాలో డ్రిప్స్, వాండమ్ అను వైద్యులు 10,098 వెన్నుమత్తులను దీర్ఘకాలము అనుసరించి చూచి, ఘోరమైన నాడీనష్టమేదియు కానరాలేదని 1954లో ప్రకటించిరి. పద్ధతి దోషి గాదని అట్లు తేలినది. ఐనను బ్రిటనులో చాలకాలము వైద్యులు ఈ సూదికి దూరముగనే యుండిరి. దోషము పద్ధతిలో గాక ఆంపూలు ప్రయాణించిన దారిలో నున్నదన్న పాఠము మాత్రము సరిగా ఎవరికిని ఎక్కలేదు.

రక్తమును ఆపు మందు, వెన్నులో పడినపుడు

నేడు ఈ చర్చకు కేంద్రమైనది ట్రానెక్సామిక్ యాసిడ్. 1962లో జపానులో ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో దంపతులు కనుగొనిన ఈ మందు రక్తస్రావమును అరికట్టును. 21 దేశములలో 20,060 మంది స్త్రీలపై జరిగిన వుమన్ అను పరీక్ష ఫలితములు 2017లో వెలువడి, ప్రసవానంతర రక్తస్రావమువలని మరణములను ఇది తగ్గించునని రుజువుచేసినవి. ఆ యేడే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ప్రసవమైన మూడు గంటలలోపల ఇయ్యవలెనని సిఫారసు చేసినది. ఫలితముగా నిన్నటివరకు అరుదుగా కనిపించిన మందు, సిజేరియన్ జరుగు ప్రతి గదిలోను, వెన్నుమత్తు మందు ప్రక్కనే, చేతికందునంత దూరమున వచ్చి కూర్చున్నది.

ఈ తారుమారు ఎట్లు జరుగునో కొంచెము దగ్గరగా చూడవలెను. బరువైన బుపివకైన్, అనగా డెక్స్‌ట్రోస్ కలిపిన వెన్నుమత్తు మందు, 4 మిల్లీలీటర్ల గాజు ఆంపూలులో వచ్చును. ట్రానెక్సామిక్ యాసిడ్ తరచుగా 5 మిల్లీలీటర్ల ఆంపూలులో వచ్చును. రెండును నీటివలె స్వచ్ఛములు. మత్తు డాక్టరు చేతులు శుభ్రపరచుకొని, స్టెరైల్ తొడుగులు ధరించియున్నాడు గనుక ఆంపూలు వెలుపలి భాగమును తాకరాదు. నర్సో, సహాయకుడో ఆంపూలు మెడను విరిచి, కొంచెము వంచి పట్టుకొనును. డాక్టరు తన సిరంజి సూదిని ఆ చిన్న నోటిలోనికి దింపి మందును లాగును. ఆ క్షణమున లేబులు ఉన్నది ఎక్కడ? పట్టుకొన్నవారి వ్రేళ్ల క్రింద. చదువవలసిన కన్ను ఒకరిది, పట్టుకొన్న చేయి వేరొకరిది. ఒకసారి సిరంజిలోనికి వచ్చిన పిమ్మట ఆ ద్రవము ఏదియో చూచి చెప్పు ఉపాయము ఎవరికిని లేదు.

ట్రానెక్సామిక్ యాసిడ్ సాధారణముగా మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల చొప్పున వచ్చును. పొరపాటున రెండు మిల్లీలీటర్లు వెన్నులోనికి పోయినచో చేరినది 200 మిల్లీగ్రాములు. సిరలో నిశ్చింతగా ఇచ్చు ఒక గ్రాములో అది ఐదవ వంతే. ఐనను ఆ ఐదవ వంతే మహోపద్రవమగును. నరములను శాంతపరచు గ్లైసీన్, గాబా అను రసాయనములు పనిచేయు ద్వారములను ఈ మందు మూసివేయునని టొరంటో శాస్త్రజ్ఞులు 2012లో వివరించిరి. పగ్గములు తెగిన గుఱ్ఱములవలె నరములు పెట్రేగును. మొదట రోగి నడుము, పిరుదులు, కాళ్లలో మంటయు నొప్పియు చెప్పును, కాళ్లు తిమ్మిరెక్కుటకు బదులు ఎగిరి ఎగిరి పడును, రక్తపుపోటు పెరుగును, ఈడ్పులు దేహమంతయు వ్యాపించును, గుండె లయ తప్పును. మత్తు ఎక్కలేదేమో యని రెండవసారి వెన్నుమత్తు ఇచ్చిన ఉదంతములును ఉన్నవి.

వెన్నులోనికి చేరిన ట్రానెక్సామిక్ యాసిడ్‌ను గూర్చిన మొదటి నివేదిక 1988లో వెలువడినది. 2019లో ఒక సమీక్ష ప్రచురితములైన 21 ఉదంతములను కూర్చి చూడగా, వానిలో 10 మరణములు కలవు. దాదాపు అన్నింటికిని మూలము ఆంపూలు పొరపాటే. 2020 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికలు జారీచేసినవి. నూటికి దాదాపు యాభై మంది చనిపోవు పొరపాట్లు వైద్యములో అతి తక్కువ.

ఎంత తరచు?

దీనిపై అభిప్రాయభేదము లెక్కలది కాక లెక్కించు పద్ధతిది. న్యూజీలాండులో మత్తు వైద్యులు తమంతట తామే పత్రములు నింపగా, 2001లో తేలినది 133 మత్తులకు ఒక పొరపాటు. 2016లో బోస్టనులో పరిశీలకులు శస్త్రచికిత్సా గదిలో నిలబడి 277 ఆపరేషన్లను స్వయముగా చూడగా, సుమారు ఇరువది మందు ఇచ్చుటలకు ఒకదానిలో పొరపాటో, హానియో కానవచ్చినది. స్వయముగా చెప్పుకొన్నదానికి, పరులు చూచినదానికి నడుమ ఎంత దూరమున్నదో ఈ రెండు అంకెలే సాక్ష్యము. బ్రిటనులోని మూడవ జాతీయ మత్తు తనిఖీ 7,07,455 వెన్నుమత్తుల వంటి ప్రక్రియలను లెక్కించి, శాశ్వత హాని లక్షకు కొద్దిమందికే యని 2009లో నిరూపించినది. వెన్నుమత్తు సురక్షితమన్నది సత్యమే. అందులోని మందుల తారుమారు ఎంతన్నది వేరొక ప్రశ్న. దానికి ప్రచురించిన ఉదంతములు తప్ప ఆధారము లేదు. ఉదంతము వ్రాయువాడు ధైర్యము చేసిన వైద్యుడు. వ్రాయనివారి లెక్క ఏ పత్రికలోను దొరకదు.

దోషము మనిషిదా, ఏర్పాటుదా?

రెండు వాద సంప్రదాయములు ఇచ్చట ఎదురెదురుగా నిలిచియున్నవి. మొదటి సంప్రదాయము లేబులు చదువుట వైద్యుని ప్రథమ ధర్మమని, చదువనివాడు నిర్లక్ష్యపరుడని చెప్పును. ఇది తేలికగా కొట్టివేయదగిన వాదము గాదు. తల్లిని పోగొట్టుకొన్న పసికందు పక్షమున నిలబడి మాటాడువారు ఇంతకన్న మృదువుగా మాటాడజాలరు. రెండవ సంప్రదాయము బ్రిటిష్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ బోధలనుండి పుట్టినది. మనిషి తప్పు చేయుట సహజము గనుక, ఒక తప్పు ఒంటరిగా ప్రాణము తీయజాలని ఏర్పాటు చేయుటయే విధియని దాని సారము. ఒకే ట్రేలో ఒకే ఆకారపు రెండు ఆంపూళ్లనుంచి, రాత్రి రెండు గంటలకు ఆత్రముతో పిలిచి, తప్పు చేయవద్దని చెప్పుట ఆజ్ఞయే గాని రక్షణ గాదని వీరి వాదము.

మన న్యాయస్థానములు మధ్యమార్గమును అవలంబించినవి. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పులో సర్వోన్నత న్యాయస్థానము వైద్యుని నేరస్థునిగా నిలుపుటకు సాధారణ నిర్లక్ష్యము చాలదని, స్థూల నిర్లక్ష్యము ఉండవలెనని, ముందుగా నిష్పక్షపాతమైన వైద్యాభిప్రాయము తీసికొనవలెనని చెప్పినది. 2010లో హైదరాబాదు ఆసుపత్రిపై వచ్చిన ఒక వినియోగదారుని వ్యాజ్యములో అదే న్యాయస్థానము, నిర్లక్ష్యము స్వయముగా కనిపించుచున్న చోట ప్రతి కేసునకును నిపుణుని సాక్ష్యము అనివార్యము గాదని నిర్ణయించినది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను నిర్లక్ష్యమరణమునకు ఐదు సంవత్సరముల వరకు శిక్ష విధించి, నమోదైన వైద్యునికి మాత్రము దానిని రెండు సంవత్సరములకు పరిమితము చేసినది.

పరిహారము వేరు, శిక్ష వేరు. ఆంపూలు తప్పిన కుటుంబమునకు పరిహారము సత్వరముగా, వాదులాట లేకుండ అందవలెను. ఆంపూలు పట్టుకొన్న నర్సును జైలునకు పంపినచో ప్రక్క ఆసుపత్రిలో ఆ రాత్రియే జరిగిన తారుమారు ఎవరికిని తెలియకుండ పోవును. తెలియనిదానిని ఎవరు సవరింతురు? ఈ విషయమున రీజన్ పక్షమే బలవత్తరమని తోచుచున్నది. కాని ఆ పక్షమువారు మరచునది ఒకటి కలదు. ఏర్పాటుదే దోషమన్నచో, ఆ ఏర్పాటు ఎవరిది? ట్రే అమర్చుటకు ఎవరు నియమములు వ్రాసిరి, ఏ ధరకు ఏ ఆంపూలు కొనవలెనని ఎవరు నిర్ణయించిరి అను ప్రశ్నలు వ్యవస్థ యను పెద్ద మాట వెనుక దాగిపోరాదు.

నివారణోపాయములు

రంగుల వాదము పాతది. సిరంజీలపై అంటించు లేబుళ్లకు అంతర్జాతీయ ప్రమాణమున వర్గమునకొక రంగు నిర్ణయింపబడినది. స్థానిక మత్తుమందులకు బూడిదరంగు. అలవాటైన కన్ను రంగును గుర్తుపట్టును, తప్పు తగ్గును అని ఒక పక్షము. రంగును నమ్మినవాడు అక్షరములు చదువుట మానును, ఒక వర్గములోని పది మందులకు ఒకే రంగైనచో తారుమారు వర్గము లోపలికి వచ్చును అని ప్రతిపక్షము. రెండును నిజములే. ఐతే ఆంపూలులో తప్పు జరిగిన పిమ్మట సిరంజిపై సరియైన రంగు అంటించుట తప్పునకు ముద్రవేయుటయే యగును.

రెండవ మనిషి చదివి వినిపించుట చవకైన ఉపాయము. పెద్దగా చదివి, ఎదుటివారికి లేబులు చూపి, ఆ తరువాతనే లాగుట. రాత్రివేళ ఒక్క మత్తు డాక్టరుతో, ఒక్క నర్సుతో నడచు చిన్న నర్సింగ్ హోముల్లో ఇది ఎంతవరకు నిలుచునన్నది అనుమానాస్పదము. చదువుట ఆచారమైనపుడు నోరు పలుకుచుండగా కన్ను నిద్రించును. ఐనను వెన్నులోనికి పోవు ఒక్క ఆంపూలు విషయములోనైనను దీనిని విడువరాదు.

విన్‌క్రిస్టీన్ మరణములు, ప్రత్యేకముగా 2001లో నాటింగ్‌హాంలో ఒక యువకుని మరణము, మూడవ ఉపాయమునకు దారితీసినవి. పందొమ్మిదవ శతాబ్దమునాటి లూయెర్ అతుకు ప్రతి సిరంజిని ప్రతి సూదికిని తగిలించును. దానికి బదులు వెన్ను సూదులకు మాత్రమే సరిపడు వేరొక అతుకు ఎన్ఆర్‌ఫిట్ అను పేర వచ్చినది. 2016లో దానికి అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులు 2025 జనవరి నాటికి దానికి మారవలెనని ఆదేశము పొందినవి. మార్గము తప్పు ప్రమాదమునకు ఇది అమోఘమైన తాళము. మందు తప్పు ప్రమాదమునకు మాత్రము ఇది ఏమియు చేయజాలదు: ఎన్ఆర్‌ఫిట్ సిరంజిలోనికి ట్రానెక్సామిక్ యాసిడ్ లాగినచో అది వెన్ను సూదికి చక్కగా అతుకును. ఈ సత్యమును చెప్పక, అతుకు మారినది గనుక ఆపద తీరినదని ప్రచారము చేయుట అపాయకరము.

తారుమారు జరిగిన పిమ్మట చేయవలసిన చికిత్సపై ఏకాభిప్రాయము లేదు. ఈడ్పులు ఆపుటకు నిద్రమందులు, పూర్తి మత్తు, వెంటనే ఇంటెన్సివ్ కేర్. సెలైనుతో మస్తిష్కమేరు ద్రవమును కొంచెము కొంచెముగా మార్చుట. బ్రతికిన రోగులలో కొందరికి ద్రవమార్పిడి జరిగినది, కొందరికి జరుగలేదు. పోల్చిచూచు పరీక్ష చేయుట నీతిసమ్మతము గాదు. తొలి రెండు మూడు నిమిషములలో సందేహించిన వైద్యునికే అవకాశము మిగులును. విరిచిన ఆంపూలును పారవేయక ట్రేలోనే ఉంచు అలవాటు ఆ సందేహమునకు తక్షణము సమాధానము చెప్పును.

ఎక్కడ ఉంచవలెను?

ఇప్పటికిని తేలని ప్రశ్న చూచుటకు అతి సామాన్యము. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంపూలును మత్తుమందుల బండినుండి దూరముగా, వీలైనచో ఆపరేషన్ గది వెలుపల ఉంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చెప్పుచున్నది. అదే మందును ఆలస్యము చేసినచో దాని మేలు ప్రతి పావుగంటకును సుమారు పదింట ఒక వంతు తగ్గుచున్నదని 2018లో వెలువడిన విశ్లేషణ చెప్పుచున్నది. దగ్గరగా ఉంచిన వెన్నులోనికి పోవు భయము. దూరముగా ఉంచిన రక్తము పోవు భయము. ఒకరు ప్రసవరక్తస్రావపు పెట్టెలో విడిగా ఉంచుమందురు; మరొకరు తలుపు ప్రక్క అలమారలో తాళము లేకుండ ఉంచుమందురు; ఇంకొకరు ఆంపూలు నోటికి ఎర్రని మూతయో, పట్టీయో తయారీదారులే తగిలించవలెనందురు.

నాలుగవ మార్గము ఒకటి కలదు. అమెరికాలో 2019 నుండి ఈ మందు ఒక గ్రాము, 100 మిల్లీలీటర్ల సెలైన్ సంచిలో కలిపి సిద్ధముగా దొరకుచున్నది. సిరకు నేరుగా తగిలించు సంచి, రెండు మిల్లీలీటర్ల సిరంజితో లాగవలసిన ఆంపూలుగా ఏ కంటికిని తోచదు. బండిమీదనే ఉండవచ్చును, క్షణములో ఎక్కించవచ్చును. అట్టి సంచికి ఆంపూలు కంటె ఖరీదు హెచ్చు. మందుల కొనుగోలు పట్టికలలో తక్కువ ధరకే స్థానము. ఆ పట్టికలో ఒక పంక్తి మార్చుటకు ఎవరికి అధికారమున్నది, ఆ అధికారి బల్లమీదికి ఈ మరణముల వివరములను ఎవరు చేర్చుదురు అన్నచోట నేటికి ఈ చర్చ నిలిచియున్నది.